చిన్న ఆటకు పనికొచ్చే మాట: సద్విమర్శ చేయడం ఎలా?



మన హాస్టల్లో ఎవరైనా బొమ్మ గీసినా, నాటకం వేసినా, గోడపత్రిక రాసినా చూసినవాళ్ళ నోట సాధారణంగా రెండే మాటలు వస్తాయి. నచ్చితే "సూపర్", నచ్చకపోతే "వేస్ట్". మొదటి మాట ఆ పూటకు సంతోషపెడుతుంది, రెండో మాట చాలా రోజులు బాధపెడుతుంది. అయితే మర్నాడు పొద్దున కూర్చొని ఆ పనిని సరిదిద్దుకోవడానికి ఈ రెండింటిలో ఏదీ ఉపయోగపడదు. పనికొచ్చే మాట మూడోది. దానినే పెద్దలు సద్విమర్శ అన్నారు. ఇప్పుడు అందరూ ఫీడ్‌బ్యాక్ అంటున్నారు.

ఈ పాఠంలో సద్విమర్శ చేసే పద్ధతిని ఒక చిన్న కంప్యూటర్ ఆట ఆధారంగా నేర్చుకుందాం. అందుకు కంప్యూటర్ వైరస్‌ల మీద తయారైన ఆటను ఎంచుకున్నాం. ఇలాంటి ఆటను చూసేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఆట బాగుందా? అందులో చెప్పిన విషయం నిజమేనా? ఆడేవాడికి దానివల్ల హాని లేదు కదా? ఈ మూడింటికీ జవాబు చెప్పడం వస్తే ఏ పని మీదనైనా అభిప్రాయం చెప్పడం వస్తుంది.

చిన్న ఆట అంటే

పెద్ద కంపెనీ పెట్టుబడి లేకుండా ఒకరో, ఇద్దరో, పదిమంది లోపో కలిసి సొంతంగా తయారుచేసే ఆటను ఇండీ గేమ్ అంటారు. ఇంగ్లండులో ఇంపీరియల్ కాలేజీలో కలుసుకున్న క్రిస్ డిలే, మార్క్ మారిస్, థామస్ ఆరండెల్ అనే ముగ్గురు 2001లో ఇంట్రోవర్షన్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న సంస్థను పెట్టారు. అదే ఏడాది 'అప్‌లింక్' అనే ఆటను, 2005లో 'డార్వీనియా' అనే ఆటను విడుదల చేశారు. డార్వీనియాలో కంప్యూటర్ల లోపల ఒక ప్రపంచం ఉంటుంది. అందులో ఆకుపచ్చని చిన్న ప్రాణులు నివసిస్తుంటాయి. ఆ ప్రపంచానికి ఎర్రని వైరస్ సోకుతుంది. ఆడేవాడు కొన్ని ప్రోగ్రాములను నడిపి వైరస్‌ను తుడిచి, ఆ ప్రాణులను కాపాడాలి. ఈ ఆట 2006లో ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్‌లో ప్రధాన బహుమతి గెలుచుకుంది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ముగ్గురు చేసిన ఆటకు మూడు వందలమంది చేసిన ఆటతో పోలిక పెట్టకూడదు. "బొమ్మలు సినిమాలా లేవు" అని చిన్న ఆట తయారుచేసినవాడితో అంటే అతను చేయగలిగింది ఏమీ లేదు. అతని చేతిలో ఉన్న సమయంతో, తెలిసిన విద్యతో మార్చగలిగినదాని గురించి చెబితేనే అది సలహా అవుతుంది. కాబట్టి అభిప్రాయం చెప్పేముందు "ఇది ఎంతమంది చేశారు? ఎన్నాళ్ళు పట్టింది? ఇంకా ఎన్నాళ్ళు దీనిమీద పని చేస్తారు?" అని అడిగి తెలుసుకోవాలి.

విషయం తెలిసి మాట్లాడాలి

వైరస్ మీద తీసిన ఆటను విమర్శించాలంటే వైరస్ గురించి కొంతైనా తెలిసి ఉండాలి. మామూలుగా మనం కంప్యూటర్‌కు వచ్చే ప్రతి జబ్బునూ వైరస్ అనేస్తాం. నిజానికి వీటిలో రకాలున్నాయి.

వైరస్ అనేది వేరే ప్రోగ్రాముకో, డిస్కు మొదటి భాగానికో అతుక్కొని ఉంటుంది. ఆ ప్రోగ్రామును ఎవరైనా నడిపినప్పుడు, లేదా ఆ డిస్కుతో కంప్యూటర్ తెరిచినప్పుడు అది మేలుకొని తన నకళ్ళను తయారుచేస్తుంది. 1982లో అమెరికాలో రిచ్ స్క్రెంటా అనే పదిహేనేళ్ళ విద్యార్థి రాసిన 'ఎల్క్ క్లోనర్' ఫ్లాపీల ద్వారా యాపిల్ 2 కంప్యూటర్లకు పాకింది. 1986లో లాహోర్‌లో ఇద్దరు అన్నదమ్ములు రాసిన 'బ్రెయిన్' కూడా ఫ్లాపీల మీద ప్రయాణం చేసినదే.

వార్మ్ అంటే పురుగు. దీనికి అతుక్కోవడానికి ఇంకొక ప్రోగ్రాము అక్కర లేదు. నెట్‌వర్క్‌లోని లోపాన్ని పట్టుకొని ఒక కంప్యూటర్ నుంచి మరొకదానికి తానే పాకుతుంది. 2003 జనవరిలో వచ్చిన 'స్లామర్' మొదటి నిమిషంలో దాదాపు ఎనిమిదిన్నర సెకన్లకొకసారి రెట్టింపైంది. 2017 మే నెలలో వచ్చిన 'వనాక్రై' కూడా ఇలాగే పాకి, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లకు కూడా అది సోకింది. అది వాడుకున్న విండోస్ లోపానికి మరమ్మతును మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. దాన్ని వేసుకోనివారే ఎక్కువగా నష్టపోయారు.

ట్రోజన్ అంటే మంచి ప్రోగ్రాములా వేషం వేసుకొని వచ్చేది. మనం నమ్మి మన చేతులతోనే దాన్ని తెరుస్తాం. నకళ్ళు చేసుకోవడం దాని లక్షణం కాదు. మోసగించడమే దాని లక్షణం.

ఈ తేడాలు తెలిసి ఉంటే "నీ ఆటలో వైరస్ అని రాశావు కానీ అది వార్మ్‌లా ప్రవర్తిస్తోంది" అని చెప్పగలం. అలాంటి ఒక్క మాట పది "సూపర్" లకన్నా విలువైనది. ఆటలో ప్రతిదీ పాఠ్యపుస్తకంలా ఉండాలని కాదు. ఆట కోసం నిజాన్ని కొంత మార్చుకోవచ్చు. అయితే తెలిసి మార్చాడా, తెలియక రాశాడా అన్నది అతన్నే అడగాలి.

పాత ఆటలు నేర్పే పాఠాలు

మొదటి పాఠం సమతూకం. 1961లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విక్టర్ విసాట్‌స్కీ, రాబర్ట్ మారిస్, డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ అనే ముగ్గురు 'డార్విన్' అనే ఆటను తయారుచేశారు. ఇందులో ప్రోగ్రాములే ఆటగాళ్ళు. అవి కంప్యూటర్ మెమరీలో ఒకదాన్నొకటి వెతికి చంపుకొని, ఖాళీ అయిన చోట తమ నకళ్ళను పెట్టుకుంటాయి. కొద్దికాలానికి మారిస్ 44 ఆదేశాలతో ఒక ప్రోగ్రాము రాశాడు. దాన్ని ఎవరూ ఓడించలేకపోయారు. దాంతో ఆట ఆగిపోయింది. ఎప్పుడూ ఒకే ఎత్తు గెలుస్తుంటే ఇక ఆడడానికి ఏమీ మిగలదు. కాబట్టి ఏ ఆటనైనా పరీక్షించేటప్పుడు "ఒకే పని పదేపదే చేసి గెలవవచ్చా?" అని ప్రయత్నించి చూడాలి.

రెండో పాఠం నియమాలు. 1984లో ఏ.కె.డ్యూడ్నీ సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో 'కోర్ వార్' అనే ఆటను పరిచయం చేశాడు. ఇది కూడా మెమరీలో ప్రోగ్రాముల పోరాటమే. అందులో 'ఇంప్' అనే ప్రోగ్రాము పొడవు ఒకే ఒక్క ఆదేశం. తనను తాను పక్క గదిలోకి నకలు చేసుకొని, ఆ గదిలోకి నడిచి, మళ్ళీ అదే పని చేస్తుంది. ఇంత చిన్న ఉదాహరణతో మొత్తం ఆట అర్థమవుతుంది. మన ముందున్న ఆటలో అలాంటి మొదటి మెట్టు ఉందా? ఏమీ తెలియనివాడు మొదటి ఐదు నిమిషాల్లో ఏం చేయాలో తెలుసుకోగలడా? ఇది రెండో ప్రశ్న.

మూడో పాఠం ఇబ్బందిని ఇబ్బందిగా చెప్పడం. పైన చెప్పిన డార్వీనియా మొదట వచ్చినప్పుడు అందులో ప్రోగ్రాములను నడపాలంటే మౌస్‌తో తెరమీద ఒక ఆకారం గీయాలి. ఇది చాలామందికి కష్టమనిపించింది. తర్వాతి వెర్షన్‌లో గుర్తుల మీద నొక్కి ఎంచుకునే పద్ధతి పెట్టారు. ఇక్కడ ఆడేవాడి పని "గీసినప్పుడు నాలుగుసార్లకు ఒకసారే సరిగా పడుతోంది" అని ఉన్నది ఉన్నట్లు చెప్పడం. దానికి మందు ఏమిటో వెతకడం తయారుచేసినవాడి పని. మనకు ఉపాయం తోస్తే చెప్పవచ్చు. అయితే ముందు ఇబ్బంది చెప్పి, తర్వాతే ఉపాయం చెప్పాలి. ఉపాయం మాత్రమే చెప్పి ఊరుకుంటే అది ఎందుకు చెప్పామో అతనికి తెలియదు.

నాలుగో పాఠం హాని. 2009లో జాక్ గేజ్ అనే కళాకారుడు 'లూజ్ లూజ్' అనే ఆటను తయారుచేశాడు. అందులో ఆకాశం నుంచి వచ్చే ఒక్కొక్క శత్రువు వెనుక ఆడేవాడి కంప్యూటర్‌లోని ఒక్కొక్క ఫైలు ఉంటుంది. శత్రువును కాలిస్తే ఆ ఫైలు నిజంగానే చెరిగిపోతుంది. ఈ సంగతి ఆటలోనే ముందుగా హెచ్చరించారు. అయినా సిమాంటెక్ సంస్థ దాన్ని ట్రోజన్‌గా గుర్తించింది. తయారుచేసినవాడి ఉద్దేశం మనల్ని ఆలోచింపజేయడమే. కానీ హెచ్చరిక చదవకుండా నొక్కేవాళ్ళే లోకంలో ఎక్కువ. హాస్టల్లో పదిమంది ఒకే కంప్యూటర్ వాడుతున్నప్పుడు ఒకడు ఆడిన ఆటకు ఇంకొకడి ప్రాజెక్టు రిపోర్టు పోవచ్చు. కాబట్టి వైరస్ ఆటను నటనగానే ఉంచాలి. అసలు వైరస్‌ను అందులో పెట్టకూడదు. ఈ విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. సూటిగా చెప్పాలి.

ఇది కేవలం మర్యాదకు సంబంధించిన విషయం కాదు. మన దేశంలో సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షన్ ప్రకారం యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి వైరస్‌ను ప్రవేశపెట్టడం తప్పు. అదే పని నిజాయితీ లేకుండా గానీ మోసపూరితంగా గానీ చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. డార్విన్ ఆట తయారుచేసిన రాబర్ట్ మారిస్ కొడుకు పేరు కూడా రాబర్ట్ మారిసే. అతను 1988 నవంబరు 2న ఒక వార్మ్‌ను ఇంటర్నెట్‌లోకి వదిలాడు. అప్పటికే సోకిన కంప్యూటర్‌కు కూడా ఏడింట ఒకసారి మళ్ళీ సోకేలా రాయడంతో నకళ్ళు పెరిగిపోయి వేలాది కంప్యూటర్లు నిలిచిపోయాయి. కోర్టు అతనికి మూడేళ్ళ ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా విధించింది. తండ్రి తన ప్రయోగశాలలో ఒక యంత్రంలోనే ఆడుకున్నాడు. కొడుకు వదిలింది ఇతరుల యంత్రాల మీదికి పోయింది. ఆటకూ నేరానికీ మధ్య గీత ఇక్కడే ఉంది.

పద్ధతి

ఇప్పుడు అసలు పనికి వద్దాం. సద్విమర్శకు ఐదు మెట్లు ఉన్నాయి.

1. ఆడండి. కనీసం మూడుసార్లు ఆడకుండా నోరు తెరవవద్దు. మొదటిసారి ఎవరి సాయమూ లేకుండా ఆడాలి. ఆ మొదటి తడబాటు చాలా విలువైనది, అది మళ్ళీ రాదు. తయారుచేసినవాడు పక్కన ఉంటే "ఇక్కడ నొక్కు అన్నా" అని చెప్పకుండా చూస్తూ ఊరుకోమనండి.

2. రాసుకోండి. ఎక్కడ ఆగిపోయారు, ఎక్కడ నవ్వు వచ్చింది, ఎక్కడ విసుగు వచ్చింది అనేవి ఆడుతుండగానే నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఆట అయిపోయాక గుర్తుండేది గెలుపో ఓటమో మాత్రమే.

3. వేరుచేయండి. ఆట పనిచేయకపోవడం ఒకటి, అర్థం కాకపోవడం ఒకటి, మనకు నచ్చకపోవడం ఇంకొకటి. మొదటిది తప్పనిసరిగా సరిచేయవలసింది. రెండోది ఆలోచించవలసింది. మూడోది కేవలం మన అభిరుచి. "ఆడలేక మద్దెల ఓడు" అన్న సామెత గుర్తుంచుకోండి. మనం ఓడిపోయినంత మాత్రాన ఆట చెడ్డది కాదు. అయితే ఆడినవాళ్ళందరూ ఒకేచోట ఓడుతుంటే మద్దెలను కూడా ఒకసారి చూడాలి.

4. ఎంచుకోండి. రాసుకున్నవాటిలో ముఖ్యమైన మూడు మాత్రమే చెప్పండి. ఇరవై తప్పులు ఒకేసారి చెబితే వినేవాడు ఒక్కటి కూడా దిద్దుకోలేడు.

5. పనిని గురించి చెప్పండి, మనిషిని గురించి కాదు. "నీకు తెలియదు" అనకండి. "ఇక్కడ ఇలా జరిగింది" అనండి. ఊరు, కులం, మాట్లాడే యాస, చదివిన మీడియం వీటిలో దేన్నీ పని మధ్యలోకి తీసుకురాకూడదు.

ఒక నమూనా

ఒక తమ్ముడు ఇలాంటి ఆట చేశాడనుకుందాం. ఒక కంప్యూటర్ ల్యాబ్‌లో 12 కంప్యూటర్లు ఉంటాయి. ఒకదానికి వైరస్ సోకి ఎర్రగా మారుతుంది. ఆడేవాడి దగ్గర స్కాన్ చేయడం, కేబుల్ పీకడం, బ్యాకప్ తీయడం అనే మూడు బటన్లు ఉంటాయి. ఐదు దశలు దాటితే గెలుపు. దీనిమీద సద్విమర్శ ఇలా ఉండవచ్చు:

"తమ్ముడూ, నీ ఆటను ఇద్దరం కలిసి ఆరుసార్లు ఆడాం. రెండుసార్లు గెలిచాం. కేబుల్ పీకిన కంప్యూటర్ తెరమీద మసకబారడం చాలా బాగుంది. నెట్‌వర్క్ తెగితే వ్యాప్తి ఆగుతుందని ఒక్క మాట రాయకుండానే తెలిసింది. దాన్ని మార్చవద్దు.

మూడు సంగతులు చెప్పాలి. మొదటిది, నాలుగో దశలో బ్యాకప్ బటన్‌ను వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే ఆట ఆగిపోతోంది. మూడుసార్లు ప్రయత్నించాం, మూడుసార్లూ అలాగే జరిగింది. మేము ఆడింది విండోస్ 10 ఉన్న కంప్యూటర్ మీద. రెండోది, గెలిచిన రెండుసార్లూ ఆట మొదలవగానే అన్ని కేబుళ్ళూ పీకేశాం. ఆ తర్వాత వేరే బటన్ నొక్కే అవసరమే రాలేదు. కేబుల్ పీకితే ఆ కంప్యూటర్‌లో పని ఆగినట్టు కొన్ని పాయింట్లు తగ్గించి చూస్తావా? మూడోది, ఎవరూ ఏ ఫైలూ తెరవకుండానే నీ వైరస్ తీగ వెంట పాకుతోంది. అది వార్మ్ లక్షణం కదా. కావాలనే అలా పెట్టావా?

ఇంకొక చిన్న మాట. మాలో ఒకరికి ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా సరిగా కనిపించదు. సోకిన కంప్యూటర్ మీద రంగుతో పాటు ఒక గుర్తు కూడా ఉంటే వాళ్ళు కూడా ఆడగలుగుతారు. తర్వాతి వెర్షన్ వచ్చినప్పుడు మళ్ళీ ఆడి చెబుతాం."

ఈ ఉత్తరంలో ఏముందో చూడండి. ఎన్నిసార్లు ఆడారో ఉంది. బాగున్నది ఎందుకు బాగుందో ఉంది. లోపాన్ని తయారుచేసినవాడు తన గదిలో తిరిగి చూసుకోవడానికి కావలసిన వివరం ఉంది. ఆజ్ఞ బదులు ప్రశ్న ఉంది. మళ్ళీ ఆడతామన్న మాట ఉంది. ఆ చివరి మాట ముఖ్యమైనది. ఒకసారి చెప్పి వెళ్ళిపోయేవాడికన్నా మళ్ళీ వచ్చి చూసేవాడి మాట మీద నమ్మకం కుదురుతుంది.

వినేవాడికి నాలుగు మాటలు

విమర్శ వినేటప్పుడు వెంటనే జవాబు చెప్పకండి. రాసుకోండి. అర్థం కాకపోతే "ఏ దశలో జరిగిందన్నా?" అని అడగండి. చెప్పిన ప్రతిదీ చేయనవసరం లేదు. ఆట మీది. అయితే ముగ్గురు వేరువేరుగా ఒకే ఇబ్బంది చెబితే దాన్ని పక్కన పెట్టకండి. చేసిన మార్పును చెప్పినవాడికి తెలియజేయండి. అలా చేస్తే మరోసారి కూడా చెబుతాడు.

మనకెందుకు ఇది?

మనలో చాలామంది ఇళ్ళల్లో కంప్యూటర్ ముట్టుకున్న మొదటి మనిషి మనమే. మన ప్రోగ్రాము చూసి "ఈ లైను దగ్గర తప్పింది" అని చెప్పడానికి ఇంట్లో అక్కో బాబాయో ఉండరు. మెచ్చుకోవడానికి అమ్మా నాన్నా ఉన్నారు, అది చాలా గొప్ప విషయమే. కానీ తప్పు చూపించేవాళ్ళు కూడా కావాలి. పట్నంలో బాగా చదువుకున్న కుటుంబాల పిల్లలకు ఆ సాయం భోజనాల బల్ల దగ్గరే దొరుకుతుంది. మనకు అది దొరకవలసింది హాస్టల్ గదిలో, పక్క ట్రంకుపెట్టె మీద కూర్చున్న స్నేహితుడి నుంచే. అతను "సూపర్‌రా" అని లేచిపోతే మనం ఉన్నచోటే ఉంటాం. "వేస్ట్‌రా" అంటే ఆ ఫైలునే చెరిపేస్తాం. అలా మొదటి ప్రయత్నంతోనే ఆగిపోయిన పని తిరిగి మొదలుకావడం కష్టం.

ఈ విద్య బతుకుతెరువు కూడా. సాఫ్ట్‌వేర్ రంగంలో టెస్టింగ్ అనే ఉద్యోగమంతా దీనిమీదే ఆధారపడి ఉంది. ఏం చేశాం, ఏం జరగాలి, ఏం జరిగింది అన్న మూడు వాక్యాలు స్పష్టంగా రాయగలిగినవాడికి ఆ పనిలో సగం వచ్చినట్టే. ఇంగ్లీషు తర్వాత నేర్చుకోవచ్చు. ముందు తెలుగులో స్పష్టంగా చెప్పడం రావాలి.

అభ్యాసం

1. మీ గదిలో ఒకరు చేసిన ఏదైనా పనిని (బొమ్మ, కథ, చార్టు, ప్రోగ్రాము) తీసుకోండి. బాగున్నది ఒకటి, ఇబ్బంది పెట్టినవి మూడు రాయండి. ప్రతిదానికీ "ఎక్కడ?" అన్న వివరం ఉండాలి.

2. కింది వాక్యాలను సద్విమర్శగా మార్చండి: (అ) "ఆట బోర్ కొడుతోంది." (ఆ) "నీకు ప్రోగ్రామింగ్ రాదు." (ఇ) "అంతా బాగుంది, ఏమీ మార్చక్కర్లేదు."

3. వైరస్, వార్మ్, ట్రోజన్ తేడాలను ఐదో తరగతి తమ్ముడికి అర్థమయ్యేలా మూడు వాక్యాల్లో చెప్పండి. అతనికి అర్థమైందో లేదో అతన్నే అడగండి.

ఈ పాఠం మీద కూడా మీ అభిప్రాయం రాసి వార్డెన్ సారు గది బయట ఉన్న పెట్టెలో వేయండి. ఎక్కడ అర్థం కాలేదో ఆ పేరా పేరు రాయడం మరిచిపోవద్దు. వచ్చే సంచికకు ఈ పాఠాన్ని దిద్దేటప్పుడు అవి ముందు పెట్టుకొని కూర్చుంటాం.